రెండు కిలోమీటర్ల యుద్ధం

ఆన్‌సైట్‌కొచ్చిన మనవాళ్ళ యూరప్ ఆల్బమ్ ఎవరిది తెరిచినా అవే ఫోటోలు. ఈఫిల్ టవర్, స్విస్ మంచుకొండలు, ఆమ్‌స్టర్‌డామ్ పడవలు. నేనూ అంతే లెండి, మొదటి రెండేళ్ళూ. ప్యారిస్ నుంచి రైల్లో గంటకి లిల్, అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లలో నవ్ షపేల్ అనే ఊరు ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు?

1915 మార్చి 10 పొద్దున్న అక్కడ 35 నిమిషాలు ఫిరంగులు పేల్చి బ్రిటిష్ సైన్యం దాడికి దిగింది. అందులో దాదాపు సగం ఇండియన్ కోర్ వాళ్ళే. గఢ్వాలీలు, గూర్ఖాలు, సిక్కులు... ఊరు కొద్ది గంటల్లోనే చేతికొచ్చింది. తర్వాతే అసలు కథ. టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. ముందున్నవాళ్ళ కబురు వెనక జనరల్స్‌కి చేరదు, వాళ్ళ ఆర్డరు ముందుకి రాదు. ఈలోగా జర్మన్లు సర్దుకున్నారు. ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి అప్రూవల్ కోసం కూర్చున్నవాడికి ఈ బాధ కొంచెం అర్థమవుతుంది (కొంచెమే, మన మీద మెషిన్ గన్నులు పేలవు కదా).

ఇదంతా పుస్తకాల్లోనూ ఉంటుంది. నడిస్తే తెలిసేది వేరు. వాళ్ళు పట్టుకోవాల్సిన ఓబేర్ గుట్ట అసలు గుట్టే కాదు, పొలాల చివర నేల కాస్త లేచినట్టుంటుంది. మూడు రోజుల్లో గెలిచిన లోతు సుమారు రెండు కిలోమీటర్లు. నేను అరగంటలో నడిచేశా, మధ్యలో ఆగి నీళ్ళు తాగి మరీ. దానికి ఇండియన్ కోర్‌లో చనిపోయిన, గాయపడ్డ, కనపడకుండా పోయినవాళ్ళు నాలుగు వేల పైచిలుకు. గుట్ట మాత్రం దక్కలేదు.

ఊరి దగ్గర కూడలిలో 1927లో ఆవిష్కరించిన స్మారకం ఉంది. గుండ్రటి గోడ మీద 4,700కి పైగా పేర్లు. ఈ ఒక్క పోరులోవే కావు, వెస్ట్రన్ ఫ్రంట్‌లో పోయి సమాధి కూడా లేనివాళ్ళవి. గబర్ సింగ్ నేగీ పేరూ ఉంది. తొలిరోజే పోయాడు, పందొమ్మిదేళ్ళకి. విక్టోరియా క్రాస్ తర్వాత వచ్చింది.

ఇది చెప్తే ఓ ఫ్రెండు "తెల్లోడి యుద్ధంలో తెల్లోడి జీతానికి చచ్చారు, మనకేంటి గురూ?" అన్నాడు. నిజమే, సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. మన మిలటరీ మాధవరం నుంచీ ఆ యుద్ధానికి వెళ్ళారు. కానీ గురూ, నువ్వూ నేనూ సముద్రం దాటింది దేనికి? వాళ్ళకి జేజేలు కొట్టమనట్లేదు, ఆ గోడ మీద నాలుగు పేర్లు చదివి రమ్మంటున్నా.

వెళ్ళేవాళ్ళు పాత బూట్లు వేసుకెళ్ళండి. మార్చిలో బురద మామూలుగా ఉండదు.