పులిహోర పొట్లాలూ, 'ప్రచండ్' హెలికాప్టర్లూ

కోనసీమ ఆడవాళ్ళను హెలికాప్టర్ గురించి అడిగితే ముందు పులిహోర పొట్లాల మాటే వస్తుంది. 1986 ఆగస్టు వరదల్లోనూ, 1996 నవంబరు 6 తుపాను తర్వాతా, రోడ్లు తెగి, కొబ్బరిచెట్లు మొదలంటా కూలి దారికి అడ్డంపడ్డప్పుడు పైనుంచి పొట్లాలు పడ్డాయి. సగం నీళ్ళలో, సగం బురదలో. పరుగెత్తగలిగినవాడికి దొరికాయి, చంకలో బిడ్డ ఉన్న తల్లికి దొరకలేదు. అయినా ఆ చప్పుడు వింటే "మనం ఉన్నామని ఎవరికో గుర్తుందనిపించేదమ్మా" అంది రాజోలు వైపు ఒక పెద్దావిడ.

ఇప్పుడు మనం మాట్లాడుకోవలసిన హెలికాప్టర్ వేరు. 1999 కార్గిల్ యుద్ధంలో అంత ఎత్తు కొండలమీద పోరాడగల హెలికాప్టర్ మన సైన్యం దగ్గర లేకపోయింది. ఆ అనుభవంలోంచి పుట్టింది తేలికపాటి దాడి హెలికాప్టర్ ఆలోచన. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 2006లో ప్రకటించింది. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరింది. 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో 'ప్రచండ్' పేరుతో వైమానిక దళంలో చేరింది. బరువు 5.8 టన్నులు, లోపల ఒకరి వెనక ఒకరుగా ఇద్దరు, ముక్కు కింద 20 మిల్లీమీటర్ల తుపాకి, రెక్కల కింద రాకెట్లు. 5,000 మీటర్ల ఎత్తున దిగి, మళ్ళీ లేవగలదు. స్వదేశీ అని గర్వంగా చెబుతున్నారు కానీ తుపాకి ఫ్రాన్సుది, ఇంజను ఫ్రెంచి కంపెనీతో కలిసి చేసింది. 2025 మార్చి 28న రక్షణ శాఖ ఇలాంటివి 156 కొనడానికి ఒప్పందాలు రాసుకుంది. వాటిలో 90 సైన్యానికి, 66 వైమానిక దళానికి. విలువ పన్నులు కాక 62,700 కోట్ల రూపాయలు.

2025-26 బడ్జెట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖకు దక్కింది 26,890 కోట్లు. దేశంలోని అంగన్‌వాడీలన్నిటికీ కేంద్రం ఇచ్చే వాటా అందులోదే. హెలికాప్టర్ల డబ్బు ఒక్క ఏడాదిలో ఖర్చయ్యేది కాదు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్క తేల్చేయడం న్యాయం కాదు. సరిహద్దులో చనిపోయిన జవాన్ల భార్యలు మన సంఘాల్లోనూ ఉన్నారు, వారి ముందు నిలబడి ఆయుధమే వద్దని అనడం అంత తేలిక కాదు. మమ్మల్ని కలవరపెట్టింది డబ్బు కంటే ఒక వాక్యం.

2022 మార్చిలో మొదటి 15 హెలికాప్టర్ల కొనుగోలుకు మంత్రివర్గ భద్రతా సంఘం ఆమోదం తెలిపినప్పుడు ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది. ఎత్తయిన కొండలమీద బంకర్లు పేల్చడం, శత్రువు గగనతల రక్షణను ధ్వంసం చేయడం వంటి పనులతో పాటు, అడవుల్లోనూ పట్టణాల్లోనూ తిరుగుబాట్లను అణచే పనికి కూడా ఇది ఉపయోగపడుతుందని అందులో ఉంది. కార్గిల్ కొండల పేరుమీద పుట్టిన యంత్రం అడవికీ ఊరికీ ఎప్పుడు దిగింది? ఎవరి అడవి, ఎవరి పట్టణం?

ఇది ఊహాగానం అనుకునేవాళ్ళు ఐజాల్‌ను తలచుకోవాలి. 1966 మార్చి 5న మన వైమానిక దళమే మన మిజో ప్రజలమీద దాడి చేసింది. జనం పిల్లల్నీ ముసలివాళ్ళనూ వెంటబెట్టుకుని కొండల్లోకి పరుగెత్తారు. విమానాలు వెళ్ళింది మనుషుల్నీ సరుకుల్నీ దించడానికని ఆనాటి ప్రభుత్వం చెప్పింది. అంటే అవీ పొట్లాల కోసమే వెళ్ళాయన్నమాట! 2023 ఆగస్టులో ఆ దాడి ప్రస్తావన పార్లమెంటులో వచ్చింది కానీ, అది కూడా ఒక పార్టీ మరో పార్టీని దెప్పడానికే. నష్టపోయినవారికి జవాబు చెప్పడానికి కాదు.

దక్షిణ బస్తర్‌లో ఆకాశం నుంచి బాంబులు పడ్డాయని ఆదివాసులు 2021 నుంచి చెబుతూనే ఉన్నారు. పోలీసులు కాదంటున్నారు. స్వతంత్ర విచారణ లేకుండా ఎవరిమాట నిజమో తేలేదెలా? ఇంద్రావతి, శబరి ఆ అడవుల్లోంచే వచ్చి గోదావరిలో కలుస్తాయి. అక్కడి సంగతి మనకెందుకని లంకల్లో నీళ్ళు తోడుకునే మనం అనగలమా?

యుద్ధం మన గుమ్మంలోకి ఇంకో దారిలో ఎప్పుడో వచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ ఇళ్ళల్లో పనిచేస్తున్న మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కట్టుబట్టలతో మిగిలారు. జీతాలు పోయాయి, పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఉండిపోయాయి. ఎడారి దాటి అమ్మాన్ చేరితే విమానం. అలా 1,70,000 మందికి పైగా భారతీయులు తిరిగివచ్చారు. 1991 జనవరి 17న ఆ యుద్ధంలో మొదటి దెబ్బ కొట్టింది అపాచీ అనే అమెరికా దాడి హెలికాప్టర్. ఇవాళ అపాచీల ఒడలు హైదరాబాదు పక్కన ఆదిభట్లలో, 2018లో తెరిచిన టాటా-బోయింగ్ కర్మాగారంలో తయారవుతున్నాయి. మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, కాదనం. అవి ఎవరి ఇంటిమీద ఎగురుతాయో అడిగే హక్కు మాత్రం ఆ ఉద్యోగంతో రాలేదు.

ఆడవాళ్ళూ వీటిని నడుపుతున్నారు కదా, సమానత్వం అడిగింది మీరే కదా అని కొందరు మిత్రులు చురక వేస్తారు. నిజమే. కార్గిల్‌లో గుంజన్ సక్సేనా, శ్రీవిద్య రాజన్ హెలికాప్టర్లు నడిపి గాయపడినవారిని మోసుకొచ్చారు. 2022లో అభిలాషా బరాక్ సైనిక దళంలో తొలి మహిళా పోరాట పైలట్ అయ్యారు. సైన్యంలో శాశ్వత కమిషన్ కోసం స్త్రీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2020లో గెలిచారు. ఆ గెలుపు మనదే. అయితే కాల్చమనే ఆజ్ఞ ఎక్కడ తయారవుతుందో ఆ గదిలో మనం ఇంకా లేం. పైలట్ సీటు ఇచ్చినంత మాత్రాన ఆ గదిని ప్రశ్నించడం మానుకోవాలనడం ఏం తర్కం?

అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి కార్గిల్ కాలంలో లోక్‌సభ స్పీకరుగా ఉన్నారు. 2002లో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలే ఆయన పోయారు. ఆ స్థానం నుంచి ఇప్పుడు సభలో ఉన్నవారినీ, రాష్ట్రంలోని మిగతా సభ్యులనూ మనం రాతపూర్వకంగా అడగవలసినవి రెండే. దేశం లోపల ప్రజలమీద ఈ హెలికాప్టర్లను వాడబోమని ప్రభుత్వం సభలో చెబుతుందా? వాడితే, ఎవరి అనుమతితో వాడారో, చనిపోయినవారెవరో ఎన్ని రోజుల్లో సభ ముందు పెడుతుంది?