కారు వెనుకనుండి వచ్చు రొద

ఒక సోదరి మాకు వ్రాసిన జాబులోని సంగతి పాత కారుగల ప్రతి యింటివారికిని పనికివచ్చునదిగా నున్నది. ఆమె యింట 2003వ సంవత్సరపు పెట్రోలు కారొకటి కలదు. తల్లిని డయాలిసిస్ నిమిత్తము వారమునకు రెండుమారులు 40 కిలోమీటర్ల దూరమునందలి ఆసుపత్రికి ఆమెయే నడుపుకొని తీసికొనిపోవలెను. కొన్నాళ్లనుండి వెనుక సీటు క్రింద తుమ్మెద రొదవంటి ధ్వని వినవచ్చుచున్నదట. ఇంటిలోని మగవారు "పాత బండి మ్రోగకుండునా" యని త్రోసివేసిరి. మెకానిక్కు మూతయైన తీసి చూడక పంపు మొత్తము మార్చవలెనని వేలలో లెక్క చెప్పెను. రాత్రివేళ నడిత్రోవలో బండి నిలిచిపోయిన నేమి గతి యని ఆమె భయము.

ఆ రెండు మాటలును తొందరపాటు మాటలే యని మా యభిప్రాయము. ధ్వని పుట్టినదన్న దానికొక కారణ ముండక తప్పదు. ఆ కారణ మెరుగక క్రొత్త సామాను కొనుట నాడి చూడక మందు పోయుటవంటిది.

ఆ కాలపు పెట్రోలు కార్లలో పెట్రోలును ఇంజనునకు పంపు విద్యుత్పంపు ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి యుండును. తాళముచెవి త్రిప్పి, ఇంజను నడుపక మునుపే చెవి యొగ్గి వినిన, రెండు మూడు క్షణములు సన్నని "జుయ్" మను ధ్వని వినబడి ఆగిపోవును. అది ఆరోగ్య లక్షణము. ఆ ధ్వని బొత్తిగా లేక ఇంజనును కదలకున్నచో ముందుగా ఫ్యూజును, రిలేను చూపింపవలెను, పంపును నిందింపరాదు. ధ్వని కర్కశమై, ఇంజను నడుచునంతసేపును కీచుమనుచుండెనేని పంపు శ్రమపడుచున్నదని యర్థము.

అయితే ఆ రొద పంపుదియే యని ముందుగా తేల్చుకొనవలెను. చక్రపు బేరింగు అరిగినను వెనుకనుండి ఇట్టి ధ్వనియే వచ్చును. భేదము సులభము: బండి నిలువగానే బేరింగు ధ్వని ఆగును, ఇంజను నడుచుచుండగా బండి నిలిచియున్నను పంపు ధ్వని ఆగదు.

ఇక పరీక్షలు. ఖర్చు లేనివి ముందు, ఖర్చుగలవి వెనుక. ట్యాంకు సగమునకుపైగా నింపి చూడవలెను. పంపును చల్లబరచునదియు, దానికి నూనెవలె పనిచేయునదియు చుట్టునున్న పెట్రోలే. ముల్లు ఎల్లప్పుడును అడుగుననే యుండునట్లు రెండు వందలకు, మూడు వందలకు పోయించుకొను అలవాటు చాల యిండ్లలో కలదు. అది పొదుపు కాదు, పంపు ఆయుస్సును హరించు పని. నింపిన పిదప రొద తగ్గెనేని కారణము చాలవరకు దొరికినట్లే. తగ్గనియెడల ఆరుబయట ఇంజను ఆపి, పెట్రోలు మూత మెల్లగా తీయవలెను. లోనికి గాలి "స్సు" మని గట్టిగా పీల్చుకొని, మరల నడిపినపుడు రొద తగ్గెనా, ట్యాంకునకు గాలి పోవు దారి పూడినదని అనుమానింపవచ్చును.

తరువాతి యనుమానము ఫిల్టరుపైన. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఇథనాలు కలుపుట వచ్చినది. ఇథనాలు పాత ట్యాంకులో పేరుకొన్న మలినమును కదలించును. దానికై చేయబడని పాత రబ్బరు గొట్టములను క్రమముగా చెరుపవచ్చును. కావున ఇరువదేండ్ల బండిలో ఫిల్టరు పూడుట వింత కాదు. పూడిన ఫిల్టరుగుండ త్రోయలేక పంపు మూలుగును. పంపు వెలతో పోల్చిన ఫిల్టరు వెల స్వల్పము. కొన్నిటిలో ఫిల్టరు పంపుతో కలిసి ట్యాంకులోనే యుండును, అప్పుడు పని కొంత పెద్దది. మరియొక సంగతి: పంపు చుట్టునుండు రబ్బరు మెత్త చితికినపుడు, పంపు చక్కగా పనిచేయుచున్నను దాని అదురు ఇనుప రేకునకు తగిలి పెద్ద రొదయగును.

ఇవి యన్నియు సరిగానున్న పిదపనే మెకానిక్కు గేజి పెట్టి పెట్రోలు ఒత్తిడి కొలువవలెను. ఇట్టి బండ్లలో అది తరచుగా 3 బార్ల ప్రాంతమున నుండును. మీ బండికి తగిన అంకె దాని పుస్తకమున నుండును. పంపునకు చేరు విద్యుత్తును కూడ కొలువుమనవలెను, తుప్పుపట్టిన తీగ కలిపిన చోటు మంచి పంపును సైతము నీరసింపజేయును. ఒత్తిడి తక్కువయై మిగిలినవన్నియు బాగుగానున్నచో అప్పుడు పంపు మార్చుట న్యాయము.

కార్బురేటరు గల ఇంకను పాత బండ్ల తీరు వేరు. మారిస్ మైనరువంటి వానిలో పంపు గడియారమువలె టిక్కు టిక్కు మనును. తాళము త్రిప్పగానే వడిగా మ్రోగి, పెట్రోలు నిండగానే నెమ్మదించవలెను. ఎంతకును నెమ్మదింపకున్నచో ట్యాంకు ఖాళీయో, గొట్టములో గాలి దూరుచున్నదో, పెట్రోలు ఎక్కడనో కారుచున్నదో యగును.

జాబు వ్రాసిన సోదరికి మా మాట యిది. రొద మాత్రమే యుండి బండి చురుకుగా పోవుచున్నచో, ట్యాంకు నింపుకొని పగటివేళ ప్రయాణము చేయవచ్చును, పరీక్ష మాత్రము ఈ వారముననే చేయింపవలెను. మిట్ట యెక్కునపుడు ఇంజను తడబడినను, ఎండలో ఆగిపోయి చల్లారిన పిదప గాని కదలకున్నను, డయాలిసిస్ దినములకు వేరు బండి కుదుర్చుకొనవలెను. ఆ చికిత్స తప్పరానిది. పెట్రోలు వాసన తగిలెనా, తాళమే త్రిప్పవద్దు. దాని యావిరి గాలికన్న బరువై నేలనంటి ప్రాకును, చిన్న నిప్పురవ్వ చాలును. ఆ కారణముననే ట్యాంకు మూత విప్పు పని మనము పూనుకొనదగినది కాదు.

మెకానిక్కు ఫిల్టరు మార్చిన యెడల పాతదానిని తెచ్చి చూపుమనవలెను. దానిలోని పెట్రోలును ఆరుబయట తెల్లని గిన్నెలోనికి అతనిచేతనే వంపింపవలెను. అందు నల్లని నలుసులు, త్రుప్పు రంగు కనబడెనేని తుమ్మెద యెక్కడ దాగినదో తెలియగలదు.