సీటు వచ్చింది సరే, ఆ తరువాత?

ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడిన ప్రతి సంవత్సరమూ మన మొహల్లాలలో సన్మాన సభలు జరుగుతాయి. సీటు సాధించిన బిడ్డకు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారు. ఇది హర్షించదగినదే. అయితే ఆ బిడ్డ పెట్టె, పరుపుచుట్ట తీసుకుని హాస్టలు గదిలో అడుగుపెట్టిన తరువాత ఎలా ఉన్నాడు, ఎలా ఉన్నది అని అడిగేవారు అరుదు. సీటు సంపాదించడం సగం పని మాత్రమే. విశ్వవిద్యాలయంలో కుదురుకోవడం, అక్కడి అవకాశాలను అందిపుచ్చుకోవడం మిగిలిన సగం. ఈ రెండవ సగాన్ని గురించి తల్లిదండ్రులతోనూ, సంఘాల బాధ్యులతోనూ కొన్ని మాటలు మనవి చేయదలచాము.

ముందుగా లెక్కలు చూద్దాము. 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ప్రకారం దేశంలో 20 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు సుమారు 7 శాతం కాగా, ముస్లిములలో ఆ నిష్పత్తి 4 శాతం కంటే తక్కువ. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వేను చూస్తే, 2019-20లో సుమారు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19 లక్షల పైచిలుకుకు పడిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభాలో 14.2 శాతం ఉన్న సముదాయం, 2020-21లో ఉన్నత విద్యలో 5 శాతం కంటే తక్కువగా ఉన్నది. పైగా 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. ఇన్ని అడ్డంకులు దాటి లోపలికి వెళ్లిన ఒక్కొక్క బిడ్డ మనకు ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అటువంటి బిడ్డ మొదటి సంవత్సరంలోనే దిగులుపడి ఇంటికి తిరిగి వస్తే, ఆ నష్టం ఒక్క కుటుంబానిది కాదు.

కుదురుకోవడం ఎందుకు కష్టమవుతున్నది? మన పిల్లలలో అనేకులు ఇంటి నుండి మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చి ఆంగ్ల పాఠాల ముందు నోరు మెదపలేక కూర్చుంటారు. దీనికి తోడు మరొక ఇబ్బంది ఉన్నది. రాయలసీమ నుండి, కోస్తా జిల్లాల నుండి వచ్చిన మన పిల్లవాడిని తోటివారు “ఇంత చక్కగా తెలుగు మాట్లాడుతున్నావు, నువ్వు ముస్లిమువా?” అని వింతగా అడుగుతారు. హైదరాబాదు పిల్లలేమో అతని ఉర్దూ ఉచ్చారణ విని నవ్వుతారు. దూదేకుల కుటుంబాల పిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ. అటు పరాయి, ఇటు పరాయి. ఆ బిడ్డతో మేము చెప్పేది ఒక్కటే: నీ తెలుగు నీకు లోటు కాదు, నీ ఉర్దూ నీకు నామోషీ కాదు. రెండూ నీ తాతముత్తాతల ఆస్తి.

ఇటువంటి అనుభవాలు ఎదురైనప్పుడు పిల్లలు తమ జిల్లావారు ఉండే ఒక్క గదికి పరిమితమైపోతారు. తరగతి, మెస్సు, గది. మూడేళ్లు ఇలాగే గడిచిపోతాయి. మొదటి నెలలో తనవారి తోడు వెతుక్కోవడం సహజం. ఆ తోడు గొడుగులా ఉండాలి గానీ గోడలా ఉండరాదు. జాతీయ సేవా పథకంలో చేరడం, వక్తృత్వ పోటీలో పేరు ఇవ్వడం, మైదానంలో ఆడటం, గ్రంథాలయంలో తన సబ్జెక్టుకు సంబంధం లేని పుస్తకం తీసి చదవడం, మరొక భాష నేర్చుకోవడం, ఇవన్నీ చదువులో భాగాలే. ముస్లిముల పట్ల ఉన్న అపోహలు మనం ఇచ్చే వినతిపత్రాల వలన ఎంత తొలగుతాయో తెలియదు గానీ, ఒకే గదిలో ఏడాదిపాటు కలిసి ఉన్న స్నేహితుని వలన తప్పక తొలగుతాయి. నలుగురిలో నిలబడి మాట్లాడటం అలవాటైన వ్యక్తే రేపు సముదాయం హక్కుల కోసం కూడా మాట్లాడగలడు.

“కొత్త అలవాట్లు పడితే దీన్‌కు దూరమవుతారు” అని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టివేయము. అయితే చరిత్రను కూడా చూడాలి. 1875లో సర్ సయ్యద్ అలీగఢ్‌లో ప్రారంభించిన విద్యాసంస్థలో తరగతి గదితో పాటు మస్జిదు, క్రికెట్ మైదానం, వాదోపవాద సంఘం కూడా వెలిశాయి. అదే 1920లో విశ్వవిద్యాలయమైంది. 1918లో హైదరాబాదులో వెలసిన ఉస్మానియా, ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి ప్రత్యేకంగా అనువాద విభాగాన్నే నడిపింది. కొత్తదానికి తలుపు తెరవడం మన సంప్రదాయానికి విరుద్ధం కాదు. మద్యం, మత్తు పదార్థాలు, ఫోనులో పందేలు, అప్పుల యాప్‌లు, వీటికి స్పష్టంగా “వద్దు” అనవలసిందే. కానీ ఆ మాటను తానే నలుగురి ముందు చెప్పగల ధైర్యం, బంధించి పెంచిన బిడ్డకు రాదు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 1906లో షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ బేగం దంపతులు అలీగఢ్‌లో బాలికల పాఠశాల తెరిచి, 1914లో హాస్టలు కూడా ఏర్పరచారు. శతాబ్దం గడిచిన తరువాత కూడా “హాస్టలులో ఉంచితే లోకం ఏమనుకుంటుంది” అంటూ సీటు వదులుకునే ఇళ్లున్నాయి. పంపిన ఇళ్లలోనూ గంటకొక ఫోను, విజ్ఞాన యాత్రకు నిషేధం, చదువు మధ్యలో నిశ్చితార్థం. బేటీని నమ్మి పంపినప్పుడు పూర్తిగా నమ్మండి. డిగ్రీ చేతికి వచ్చేవరకు సంబంధాల మాట ఎత్తకండి.

వివక్ష ఎదురైతే మౌనం వహించరాదు. రాజ్యాంగం 15వ అధికరణం మతం పేరిట వివక్షను నిషేధించింది. ర్యాగింగు నిరోధానికి యూజీసీ 2009 నిబంధనలున్నాయి. 1800-180-5522 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. కార్యాలయాలలో జీవితకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాము: కాగితం మీద లేనిది జరగనట్లే. ఫిర్యాదు తేదీ వేసి రాయాలి, ముట్టినట్లు సంతకం తీసుకోవాలి, నకలు దాచుకోవాలి. బీసీ-ఇ లేదా బీసీ-బి కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బోనఫైడ్ పత్రాల నకళ్లు ఒక ఫైలులో సిద్ధంగా ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంటు వేళ పరుగులు తప్పుతాయి.

ఇక సంఘాలకు మా సూచనలు. శాలువాకు పెట్టే ఖర్చుతో కొత్త విద్యార్థి మెస్సు డిపాజిటుకు చేయూతనివ్వండి. అదే విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక సీనియరును అతనికి అన్నగా, ఆమెకు అక్కగా అప్పగించండి. రెండవ నెలలో ఇద్దరు పెద్దలు వెళ్లి పలకరించి రండి. రంజాన్‌లో సహరీ ఏర్పాటు గురించి వార్డెనుతో ముందుగానే మర్యాదగా మాట్లాడండి. ఇవేవీ లక్షలతో పని కాదు.

తల్లిదండ్రులు ఫోనులో “నమాజు చదివావా, మార్కులెన్ని వచ్చాయి” అని అడుగుతారు. అడగవలసిందే. దానితో పాటు “ఈ వారం కొత్తగా ఏమి నేర్చుకున్నావు, ఎవరితో స్నేహం చేశావు” అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెప్పే బిడ్డ విశ్వవిద్యాలయంలో కుదురుకున్నట్లే. జవాబు రాకపోతే మరుసటి బస్సెక్కి వెళ్లి చూసి రండి.