గ్రహణం తిరిగివచ్చే లెక్క

2023 అక్టోబరు 28 అర్ధరాత్రి దాటి ఒంటిగంట ఐదు నిమిషాలకు చంద్రబింబం అంచున చిన్న నల్లని గాటు పడింది. రెండున్నర లోపే అది తొలగిపోయింది. బింబం వ్యాసంలో సుమారు ఎనిమిదో వంతు మాత్రమే చీకటైన పాక్షిక గ్రహణమది. ఇంతటి స్వల్ప గ్రహణానికి కూడా మన ముస్లిం ఇళ్లలో కొన్నిచోట్ల నిండు చూలాలిని కదలనివ్వరు, మంచినీళ్లు తాగనివ్వరు, కత్తిపీట ముట్టనివ్వరు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని భయం. నిజానికి శిశువు పెదవి గర్భం తొలి రెండు నెలల్లోనే రూపుదిద్దుకుంటుంది. తొమ్మిదో నెలలో కూరగాయలు తరిగితే అది చీలేదెలా?

ఈ గ్రహణాలకు ఒక ఆవృత్తి ఉంది. చంద్రుని మార్గం భూమి మార్గానికి సుమారు ఐదు డిగ్రీలు వాలి ఉండి, రెండు బిందువుల వద్ద దానిని ఖండిస్తుంది. రాహుకేతువులన్న పేర్లు ఆ బిందువులవే. పౌర్ణమి ఆ బిందువుకు అతి సమీపంలో వస్తే సంపూర్ణ గ్రహణం; కాస్త ఎడంగా వస్తే పాక్షికం. 223 చాంద్రమాసాలు గడిస్తే చంద్రుడు, ఆ బిందువు దాదాపు పూర్వస్థితికే చేరతాయి. క్రీస్తుశకంలో అది 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలు. మన హిజ్రీ లెక్కలోనైతే మరింత సులువు: సరిగ్గా 18 సంవత్సరాల 7 నెలలు.

2023 నాటి గ్రహణం 1445 రబీఉస్సానీలో వచ్చింది. 18 ఏళ్ల 7 నెలలు వెనక్కి లెక్కించండి: 1426 రమజాన్. అదే 2005 అక్టోబరు 17 నాటి పాక్షిక గ్రహణం. అప్పుడు చీకటి ఇంకా సన్నన, సుమారు పదహారో వంతు. అంతకుముందు ఆవృత్తిలో, 1987లో, భూమి గాఢచ్ఛాయ చంద్రుని తాకనే లేదు. సరిపోలికలో మిగిలే స్వల్ప తేడా వల్ల గ్రహణం ఇలా తరం తరానికీ పెరుగుతోంది.

రఖ్ఖా నగరపు ఖగోళవేత్త అల్ బత్తానీ హిజ్రీ 270 ముహర్రం నడుమ ఒక చంద్రగ్రహణాన్ని పరిశీలించి నమోదు చేశాడు. తిరిగి 288 షాబాన్ నడుమ అంతాకియాలో మరొకటి చూశాడు. వ్యవధి లెక్కించి చూడండి: 18 సంవత్సరాల 7 నెలలే!

హిజ్రీ 10లో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే పట్టిందని జనం అనుకోసాగారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను ఒప్పుకోలేదు. ఒకరి చావుపుట్టుకలకు గ్రహణాలతో సంబంధం లేదని, అవి అల్లాహ్ సూచనలని బోధించి, నమాజు, దుఆ, సదఖాల వైపు మళ్లించారు. చావుకే ముడిపడని గ్రహణాన్ని మనం చూలాలి కడుపుకు ముడిపెడుతున్నాం.

లెక్క ముందే తెలిసినప్పుడు నమాజు దేనికని కొందరు యువకులు అడుగుతుంటారు. ఫజ్ర్ వేళలు కూడా ఏడాది ముందే అచ్చయి మన గోడలకు వేలాడుతున్నాయి కదా! ఫజ్ర్ నమాజు ఎవరికీ తప్పలేదు. గర్భిణి ఆ రాత్రి కడుపునిండా తిని, దాహమైతే తాగి, నిలబడలేకపోతే కూర్చునే నమాజు చేసుకోవచ్చు.

ఈ వరుసలో తరువాతి గ్రహణం 2041 నవంబరు 8న, 1463 జుల్‌ఖాదా నడుమ. ఆ ఎనిమిది గంటల మిగులు వల్ల అప్పుడు మన దేశంలో పట్టపగలు, చంద్రుడు కనిపించడు. మనకు కనిపించేది ఆపై ఆవృత్తిలో, 2059 నవంబరు 19 సాయంత్రం.