ముహాజిర్ ఎవరు? మజ్దూర్ ఎవరు?

దసరా వెళ్లిన పది పదిహేను రోజుల్లో మా హాజరుపట్టీ పలచబడటం మొదలయ్యేది. నిన్నటిదాకా అలిఫ్, బే దిద్దిన పిల్లవాడు, వాడి పక్కన కూర్చునే చెల్లెలు ఒకేరోజున కనిపించకుండా పోయేవారు. విచారిస్తే ఇరుగుపొరుగు చెప్పే జవాబు ఒక్కటే: "గుంపులో పోయిండ్రు సార్." ఏ ఊరికి, ఏ మేస్త్రీ కింద, ఎంత అడ్వాన్సుకు పోయారో వారికీ తెలియదు. నిజం ఒప్పుకోవాలంటే, మేము కూడా అంతకు మించి అడిగింది లేదు. పట్టీలో ఎర్రసిరాతో గీత గీసి ఊరుకున్నాము.

వలసల మీద, శరణార్థుల మీద విశ్వవిద్యాలయాలలో ఈ మధ్యకాలంలో విస్తారంగా పరిశోధన జరుగుతున్నది. వీపనగండ్లలో కూర్చుని ఆ సంగతులు మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. అయితే ఆ పండితులు తర్జనభర్జన పడుతున్న ప్రశ్నకు జవాబు కృష్ణ ఒడ్డునే ఉన్నది.

ప్రశ్న ఏమిటంటే, ఇల్లు విడిచిన మనిషికి ఏ పేరు పెట్టాలి? 1951 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారం మతం, జాతి, రాజకీయాభిప్రాయం వంటి కారణాలతో హింసిస్తారన్న భయంతో దేశం దాటినవాడు శరణార్థి. ఆకలితో పోయినవాడు వలస కూలీ. దేశం దాటకుండానే ఊరు పోగొట్టుకున్నవాడు నిర్వాసితుడు. మన దేశం ఆ ఒడంబడికపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి బలవంతాన ఇల్లు విడిచినవారు 12 కోట్ల 30 లక్షలకు పైగా ఉండగా, వారిలో 7 కోట్ల 35 లక్షల మంది తమ దేశం లోపలే తలదాచుకున్నవారు. యుద్ధాలు, హింస వల్ల కదిలినవారే ఈ లెక్కలోకి వస్తారు. ఆనకట్ట కింద ఊరు పోయినవారు ఇందులో లేరు.

మనవారి సంగతి అక్కడే వస్తుంది. శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగాయి. లక్షమంది దాకా నిరాశ్రయులయ్యారు. 1981లో పోలీసు బందోబస్తు మధ్య ఇళ్లు కూల్చి జనాన్ని కదిలించారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని, సోమశిల గుళ్లను విప్పి, రాళ్లను తరలించి, మరోచోట తిరిగి నిలబెట్టారు. చాలా మంచి పని. మనుషులను మాత్రం అంత జాగ్రత్తగా విప్పి, అంత జాగ్రత్తగా నిలబెట్టలేదు. నదీతీరపు నల్లరేగడి పోయి చేతికి నగదు వచ్చింది. ఆ నగదు పెళ్లిళ్లకు, అప్పులకు, మందులకు ఎంతకాలం సరిపోతుందో ఏ గృహిణినైనా అడగండి.

ప్రపంచ బ్యాంకులో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా ప్రాజెక్టుల కింద ఊళ్లు పోయినవారి గతిని దేశదేశాల్లో పరిశీలించి ఎనిమిది ప్రమాదాలను గుర్తించాడు. భూమి పోవటం, పని పోవటం, ఇల్లు పోవటం ఎవరికైనా తోచేవే. తిండికి కటకట, రోగాలు, సంఘంలో అడుగుకు జారిపోవటం, పశువులు మేసే ఉమ్మడి బీడు పోవటం వాటి తరువాతవి. చివరిది మానవ సంబంధాలు తెగిపోవటం. మునిగిన ఊళ్లలో గుడి ఉంది, దర్గా ఉంది, ఖబరస్తాన్ ఉంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఒడ్డున నిలబడి, తాత సమాధి ఫలానా చోట ఉండేదని వేలు చూపే ముసలివారిని మేము చూశాము. దీనికి ఏ అధికారీ పరిహారం కట్టలేదు, కట్టలేడు కూడా.

1986లో ప్రభుత్వం జీవో 98 జారీ చేసి నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలు ఇస్తామన్నది. కొందరికి వచ్చాయి. మిగిలినవారు దశాబ్దాల తరబడి అర్జీలు, ధర్నాలు, కోర్టుల చుట్టూ తిరిగారు. ఊరు పోయిన రోజున ఇరవై ఏళ్లున్న యువకునికి ఇప్పుడు అరవై దాటింది. పదవీ విరమణ చేయవలసిన వయసులో నియామకపు కాగితం కోసం ఎదురుచూపు!

ఇక ఆలోచించండి. అలా భూమి పోయిన రైతు కొడుకు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మట్టి పనికి పోయాడనుకుందాం. అతడు నిర్వాసితుడా, వలస కూలీయా? ప్రభుత్వ కాగితాలలో ఇవి రెండు వేరువేరు ఖాతాలు, ఇద్దరు వేరువేరు అధికారుల పని. మనిషి మాత్రం ఒక్కడే. 'పాలమూరు లేబర్' అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసినవారిలో ఇలా ఆనకట్ట వల్లనే ఊరు పోయినవారూ ఉన్నారన్న విషయం గమనార్హం.

హైన్ డి హాస్ అనే పండితుడు 2023లో వెలువరించిన గ్రంథంలో చాలామంది నమ్మకానికి విరుద్ధమైన మాట చెప్పాడు. కటిక పేదలు దూరదేశాలకు పోలేరు, పోవటానికి కూడా కొంత స్తోమత కావాలి అన్నది దాని సారాంశం. ఇది మన కళ్లెదుటి సత్యమే. కరీంనగర్, నిజామాబాదు వారు అప్పో సప్పో చేసి, ఏజెంటుకు లక్షలు కట్టి గల్ఫుకు పోయారు. పాలమూరు పేదవాడికి పాస్‌పోర్టు ఎక్కడిది? అతడికి లారీయే విమానం. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో తెచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో మన కూలీలు రోడ్ల వెంట నడిచి వచ్చారు.

తిరిగి రావటం అంటే గుర్తుకొచ్చింది. ఎంత దూరాన ఉన్నా పాలమూరు కూలీ పీర్ల పండుగకు ఊరు చేరటానికి ప్రయత్నిస్తాడు, హిందువైనా సరే. ఆ పండుగ ఆచారాలపై మా అభిప్రాయం వేరు. కానీ తెగిన సంబంధాన్ని ఏడాదికొకసారి ముడివేసుకోవాలన్న ఆ తపనను తేలికగా తీసిపారేయలేము.

మన పెద్దలకూ ఈ అనుభవం కొత్త కాదు. 1948 పోలీసు చర్య తరువాత జిల్లాల నుంచి ఎందరో ముస్లిములు ప్రాణభయంతో హైదరాబాదు నగరం చేరారు. అదే కాలంలో తరాలుగా ఇక్కడే ఉన్న అరబ్బులను, పఠాన్లను పరదేశీయులంటూ పంపివేయటానికి ప్రయత్నం జరిగింది. ఈ చరిత్రపై టేలర్ షెర్మన్ అనే చరిత్రకారిణి 2011లో పరిశోధనా వ్యాసం, 2015లో గ్రంథం ప్రచురించారు. ఎవరు స్థానికుడు, ఎవరు పరాయివాడు అన్నది ఎంత అస్థిరమైన విషయమో వాటిని చదివితే బోధపడుతుంది.

ముహాజిర్ అన్న మాటను గౌరవంతో పలికే సముదాయం మనది. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి, ఒకడని మదరసా పిల్లవాడు కూడా అప్పజెప్పగలడు. మరి బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్న రోహింగ్యాల వద్దకు రమజాన్‌లో తప్ప ఎందరం వెళ్లాము? ఇప్పుడు వరి నాట్లకు బిహారు నుంచి తెలంగాణకు కూలీలు వస్తున్నారు. వారిని మనం పిలిచే తీరు, ఒకప్పుడు మన కూలీలను పరాయి ఊళ్లలో పిలిచిన తీరు కంటే మెరుగ్గా ఉన్నదా?

మస్జిద్ కమిటీలకు మా విన్నపం చిన్నది. ఒక నోటుబుక్కు పెట్టండి. ఊరు విడిచే ప్రతి కుటుంబం, ఏ మతం వారైనా, పేర్లు, మేస్త్రీ పేరు, ఫోను నంబరు, పోయే చోటు, అడ్వాన్సు మొత్తం, వెంట తీసుకువెళుతున్న పిల్లల వయసు రాసి ఉంచండి. జీవో 98 లబ్ధికి అర్హులై మిగిలినవారి వివరాలకు వేరే పేజీ కేటాయించండి. వీపనగండ్లలో మొదటి పుస్తకం మేము కొని ఇస్తాము. ఎర్రగీతలున్న మా పాత పట్టీలు ఇంకా మా వద్దే ఉన్నాయి, మొదటి పేర్లు వాటిలోంచే ఎక్కించవచ్చు.