బౌద్ధుల విశ్వము – నేటి విజ్ఞానము: పోలిక ప్రమాణమగునా?

“నేటి శాస్త్రజ్ఞులు కనుగొన్నదంతా మన పూర్వులు ఏనాడో చెప్పినారు.” విద్యార్థుల వ్యాసాలలో ఈ మాట మాకు తరచు కనిపిస్తున్నది. ఏ మతము వారికైనా ఇది తీపి మాటయే. ఇందులో నిజమెంతో తూచి చూచుటకు బౌద్ధుల విశ్వవర్ణనను ఉదాహరణగా తీసికొంటున్నాము. తనది కాని దానిని పరిశీలించునపుడు మనస్సు నిలకడగా ఉంటుంది గదా!

పోలికలు లేకపోలేదు. దీఘనికాయములోని అగ్గఞ్ఞ సుత్తము లోకము ముడుచుకొనుటను, మరల విచ్చుకొనుటను వర్ణించినది. మొదటిది సంవర్తము, రెండవది వివర్తము. యోజనము ఎత్తుగల రాతికొండను నూరేండ్లకొకసారి కాశీవస్త్రముతో తుడిచినచో, కొండ అరిగిపోవునే గాని కల్పము ముగియదని సంయుత్తనికాయము చెప్పినది. వేయి లోకములు, అట్టివి వేయి, మరల అట్టివి వేయి కలిసి 100 కోట్ల లోకములని బౌద్ధుల గణన.

ఇక నేటి విజ్ఞానమును చూడండి. విశ్వము వ్యాకోచిస్తున్నదని 1927లో లెమైత్ర్ ప్రతిపాదించెను. గెలాక్సీలు ఎంత దూరమున ఉన్నవో అంత వేగముగా మననుండి తొలగిపోతున్నవని 1929లో హబుల్ చూపెను. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. ఒక్క పాలపుంతలోనే 10,000 కోట్లకు తక్కువ కాని నక్షత్రాలు కలవు. మానవుని అల్పత్వమును గుర్తుచేయుటలో ఈ రెండు దృష్టులు చేయి కలిపినవని ఒప్పుకొనవలసినదే.

కాని భేదముల మాటేమిటి? వసుబంధుని అభిధర్మకోశములో లోకమధ్యమున మేరుపర్వతము నీటిపై 80,000 యోజనముల ఎత్తున నిలిచియున్నది. సూర్యచంద్రులు దాని చుట్టును తిరుగుతారు. లోకములు పుట్టుటకు ప్రాణుల కర్మయే కారణము. హబుల్ ఆధారపడినది కర్మపై కాదు, కాంతిని కొలిచిన కొలతలపై. పైగా విశ్వవ్యాకోచము నానాటికి వేగము పుంజుకొంటున్నదని 1998లో తేలినది. అది తిరిగి ముడుచుకొనునని చెప్పగల ఆధారము నేటికి లభించలేదు. విజ్ఞానమే సంవర్తమునకు సాక్షి యని వాదించినవాడు ఇప్పుడు ఏమి చేయవలెను? సుత్తమును కాదనవలెనా, దూరదర్శినిని కాదనవలెనా? తెచ్చుకొన్న సాక్షి ఎదురు తిరిగినప్పుడు కలిగే చిక్కు ఇదియే.

ఈ చిక్కును ముందే గ్రహించినవారు కలరు. లెమైత్ర్ స్వయముగా కేథలిక్ మతాచార్యుడు. అయినను 1951లో పోపు పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతమును దైవసృష్టికి బలముగా చూపినప్పుడు ఆయన సంతోషించలేదు. దలైలామా 2005లో ప్రకటించిన గ్రంథములో మేరుకేంద్రమైన పాత వర్ణనను విడువవలసినదేనని అంగీకరించినారు. దానివలన ఆయన ధర్మమునకు లోటేమియు కలుగలేదు.

అసలు బుద్ధుడే ఏమి చేసినాడు? లోకము శాశ్వతమా, అశాశ్వతమా, దానికి అంతము కలదా, లేదా యని మాలుంక్యపుత్రుడు నిలదీసినప్పుడు ఆయన బదులీయలేదు. విషబాణము తగిలినవాడు, వేసినవాని కులగోత్రములు తెలియునంతవరకు బాణమును తీయనీయనన్నచో ప్రాణము దక్కునా యని మాత్రము అడిగినాడు. ఆయనకు ముఖ్యము దుఃఖనివారణ గాని గ్రహగణితము కాదు.

ఈ వాదము మా ఇండ్లలోను, మా సభలలోను వినబడుతూనే ఉన్నది. దానికిని ఇదే కొలబద్ద వర్తిస్తుందని సవినయముగా మనవి చేస్తున్నాము. మేమును విశ్వాసము గలవారమే. కనుకనే ఆ విశ్వాసమును మారెడు సిద్ధాంతమునకు తాకట్టు పెట్టుటకు మా మనస్సు అంగీకరించదు.

వచ్చే సంచికకు వ్యాసము వ్రాయు విద్యార్థులను మేము కోరేది ఒక్కటే. “పూర్వులు చెప్పినారు” అని వ్రాయుటకు ముందు ఏ గ్రంథములో, ఏ అర్థములో, ఏ ఆధారముతో చెప్పినారో విచారించండి. కళాశాల కమిటీ వారు ఒక చిన్న దూరదర్శినిని సమకూర్చినచో, ఆకాశమును గూర్చి వాదించువారు ముందుగా దానిని ఒకసారి చూడగలుగుదురు.