కార్పాసము నుండి కపాస్ కిసాన్ దాకా

సంస్కృత 'కార్పాసము' హిందీలో 'కపాస్' అయింది, మనకది పత్తి. 2025లో సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్‌ను తెచ్చింది. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు రూ. 8,110 మద్దతు ధర కావాలంటే అందులో నమోదై స్లాటు తీసుకోవలసి వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పత్తి ఏరే చేతులన్నింటికీ స్మార్ట్‌ఫోను అలవడలేదు. ఓటీపీ వచ్చేలోగా గడువు తీరుతుంది. అప్‌డేట్ అడిగి పాత ఫోను మొరాయిస్తుంది. తేమ 12 శాతం మించితే సీసీఐ కొనదు; మంచు మాత్రం స్లాటు కోసం ఆగదు.

యంత్రం వద్దనను. దళారీని తప్పించడమే ధ్యేయమైతే, ఫోను తెలియని రైతు మళ్ళీ దళారీ వాకిటనే నిలవడం ఏమి న్యాయం? కొనుగోలు కేంద్రంలో ఒక బల్ల, ఒక గుమాస్తా, ఒక చిట్టా కూడా ఉండనీయండి. చదవలేనివానికి చదివి చెప్పడం అక్షరాస్యుని ధర్మం. యాప్ చేసినవారికీ అది వర్తించదా?